మెకాంగ్‌లో వరద తగ్గితే మంచిదే కదా?

"ఆనకట్టలు కట్టాక మెకాంగ్ నది వరద తగ్గుతోంది కదా, మరి కంబోడియా వాళ్లకు బాధేమిటి?" అని ఒకరు అడిగారు. బాధ ఉండదా మరి? అక్కడ వరదే పంట.

కంబోడియా రాజధాని నోమ్ పెన్ దగ్గర తోన్లే సాప్ నది మెకాంగ్‌లో కలుస్తుంది. ఎండాకాలంలో అది తన పేరే ఉన్న తోన్లే సాప్ సరస్సు నీళ్లను మెకాంగ్‌కు తెచ్చిపోస్తుంది. వానలకు మెకాంగ్ నీటిమట్టం సరస్సును మించిందా, అదే నది వెనక్కి తిరిగి నూరు కిలోమీటర్లకు పైగా ఎదురు పారి సరస్సును నింపుతుంది. వేసవిలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లుండే సరస్సు మంచి వరద ఏడాది 15,000 దాకా పరుచుకుంటుంది. మీటరు లోతు కాస్తా తొమ్మిది మీటర్లవుతుంది. చుట్టూ ఉన్న అడవి మునుగుతుంది. కొట్టుకొచ్చిన చేపపిల్లలు ఆ చెట్ల మధ్యే మేసి బలుస్తాయి.

వానలు తగ్గాక ప్రవాహం మళ్లీ మెకాంగ్ వైపు మళ్లుతుంది. ఆ వేళకే నోమ్ పెన్‌లో పడవ పందేల పండుగ. తర్వాత నదిలో వరసగా లంగరేసిన 'దాయ్' అనే సంచి వలల్లోకి చేప దిగుతుంది. జనవరి పౌర్ణమికి ముందరి రోజుల్లో దొరికినంత చేప ఇంకెప్పుడూ దొరకదు. అందులో వేలెడు చేప త్రేయ్ రియెల్‌ను తల తీసి, బుట్టలో వేసి తొక్కి, కడిగి, ఎండబెట్టి, ఉప్పు పట్టించి నెలల తరబడి మాగబెడతారు. అదే ప్రహోక్ అనే చేప ముద్ద. తొక్కి కడగడంలో కొవ్వు పోవాలి, లేకపోతే ముక్కిపోయిన వాసన వస్తుంది.

ఇక ఆనకట్టల సంగతి. ఎగువన చైనా యునాన్ రాష్ట్రంలోని షియావోవాన్, నువోజాదు జలాశయాలు వానల నీళ్లు పట్టి, ఎండాకాలంలో కరెంటు కోసం వదులుతాయి. దాంతో వరద శిఖరం తగ్గుతుంది, వేసవి మట్టం పెరుగుతుంది. రెండూ చేటే. వేసవిలో ఆరాల్సిన చెట్ల మొదళ్లు నీళ్లలోనే ఉండి చస్తాయి, మునగాల్సిన పై అంచు ఎండిపోయి నిప్పంటుకుంటుంది. 2016 కరువులో ఆ అడవి పెద్ద ఎత్తున తగలబడింది. 2019లో ఎదురు ప్రవాహం బాగా ఆలస్యమైంది. ఆ ఏడు వానలూ వెనకబడ్డాయి కాబట్టి నేరమంతా ఆనకట్టలదే అనను. కానీ ఒండ్రు ఆగిపోవడం మాత్రం వాటి పనే. దాని దెబ్బ కింద వియత్నాం డెల్టా దాకా తగులుతుంది.

1995లో నాలుగు దేశాలు కలిసి మెకాంగ్ నదీ కమిషన్ పెట్టుకున్నాయి. నది పుట్టే చైనా అందులో సభ్యురాలు కాదు! అట్లాసుల మీద కూడా నాకు కోపమే. ఈ సరస్సును ఏడాది పొడవునా ఒకే సైజు నీలి మచ్చగా వేస్తారు. ఏప్రిల్, అక్టోబరు ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ ఒకే సరస్సంటే మీరే నమ్మరు.