16 కిలోమీటర్ల తర్వాత కాళ్లు పట్టేస్తున్నాయా?

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి వాకింగ్ టెస్ట్ ఐదు వారాల్లో ఉందని, కిలోమీటరు ఏడు నిమిషాల్లో మొదలుపెడితే 16 తర్వాత కాళ్లు పట్టేస్తున్నాయని రాశారు. కారణం స్టామినా కాదు, మొదటి గంట వేగం. ఈ టెస్ట్‌లో మగవాళ్లకు 4 గంటల్లో 25 కిలోమీటర్లు. అంటే కిలోమీటరుకు 9 నిమిషాల 36 సెకన్లు. మీరు రాసినట్టు ఏడు నిమిషాల్లో మొదలుపెడితే పిక్కలు 16 దగ్గరే ఆగిపోతాయి.

1. రేపటి నుంచి మొదటి కిలోమీటరు 9 నిమిషాల కంటే ముందు పూర్తి చేయకండి. ఆ లెక్కన నడిస్తే మొత్తం 3 గంటల 45 నిమిషాలు, చివర్లో పావుగంట చేతిలో ఉంటుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: వారానికి ఒక్క లాంగ్ వాక్. రోజూ పది నడిస్తే పాతిక రాదు. మీకు ఐదు వారాలుంది కదా, వారానికొకటి చొప్పున వరుసగా 16, 18, 20, 23 కిలోమీటర్లు చేయండి. చివరి వారం తగ్గించేయండి. టెస్ట్‌కి వేసుకునే బూట్లూ సాక్సులతోనే నడవండి. కొత్త బూట్లు మడమ వెనక బొబ్బ లేపుతాయి, అది పగిలాక ప్రతి అడుగూ నరకమే.

3. దాహం వేయకముందే, అరగంటకోసారి రెండు గుక్కల ఉప్పు కలిపిన నిమ్మరసం.

ఇది క్వాలిఫయింగ్ మాత్రమే, ముందు వచ్చినందుకు మార్కులు లేవు. టెన్షన్ వద్దు, గడియారం చూసుకుంటూ నడవండి.