మూడు రోజుల్లో బత్తాయి తోట పాలిపోతుందా?

ప్రశ్న: ఎనిమిది ఎకరాల్లో బత్తాయి ఉంది. నేల ఎర్రనేల, వరుసలు ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. ఫోనులో ఉపగ్రహ పచ్చదనం మ్యాపు చూస్తుంటాను. మూడు రోజుల తేడాతో వచ్చిన రెండు మ్యాపుల్లో మొదటిది ముదురు ఆకుపచ్చగా, రెండోది పసుపుగా ఉంది. చెట్లలో తేడా ఏమీ లేదు. యూరియా వేయమంటారా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: వేయవద్దు. మూడు రోజుల్లో తోట మొత్తం ఒకేలా పాలిపోవడం జరగదు. ఉపగ్రహం చూసిన కోణం మారి ఉంటుంది.

ఇలాంటి మ్యాపులకు ఎక్కువగా వాడేది సెంటినెల్-2 అనే ఉపగ్రహం తీసే చిత్రాలను. ఒక్కో దారిలో అది 290 కిలోమీటర్ల వెడల్పున నేలను చూస్తుంది, పక్క దారుల అంచులు ఒకదానిపై ఒకటి పడతాయి. ఒకే దారి చిత్రం అయిదు రోజులకోసారి వస్తుంది. మీకు మూడు రోజులకే వచ్చిందంటే మీ తోట ఆ అంచులో ఉన్నట్లే. అక్కడ ఒకసారి తూర్పు వైపు నుంచి, మరోసారి పడమర వైపు నుంచి సుమారు 10 డిగ్రీల వాలుగా చూస్తుంది.

అది వచ్చేది ఉదయం 10:30 ప్రాంతంలో. సూర్యుడు అప్పటికి ఇంకా తూర్పునే ఉంటాడు. తూర్పు నుంచి చూస్తే ఎండ పడిన కొమ్మలు, వరుసల మధ్య వెలుగుతున్న ఎర్రమట్టి కనిపిస్తాయి; నీడలు చెట్ల వెనుక దాక్కుంటాయి. పడమర నుంచి చూస్తే నీడలే ముందుంటాయి. ఆకులు ఎరుపు కాంతిని పీల్చుకుంటాయి, మీ నేల దాన్ని తిప్పికొడుతుంది. మ్యాపు రంగును నిర్ణయించే పచ్చదనం సూచీ, ఎరుపు కాంతి ఎక్కువగా తిరిగొస్తే తగ్గుతుంది. అందుకే, విచిత్రంగా అనిపించినా, తోట ఎక్కువ వెలుతురుగా కనిపించిన రోజే ఆ సూచీ తగ్గవచ్చు. పైగా మ్యాపులోని ఒక్కో 10×10 మీటర్ల గడిలో, 6×6 మీటర్ల దూరంలో నాటితే, మూడు చెట్లు కూడా పట్టవు, మిగతాదంతా నేలే. కలుపు తీసి దున్నిన తోటలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పలుచని మబ్బు, పొగమంచు కూడా ఇలాంటి తికమకే పెడతాయి.

ఇకపై అయిదు లేదా పది రోజుల తేడా ఉన్న మ్యాపులనే పోల్చండి. పక్క బత్తాయి తోట కూడా అంతే పసుపెక్కితే పట్టించుకోకండి. మీ తోటలో ఒక మూల మాత్రమే వరుసగా రెండు మూడు మ్యాపుల్లో తగ్గుతుంటే అక్కడికి వెళ్లండి. ముందు డ్రిప్పు రంధ్రాలు పూడాయేమో చూడండి, తర్వాత మొదళ్ల దగ్గర బంక, ఆ తర్వాత ఆకుల ఈనెల మధ్య పసుపు. ఎరువు సంగతి ఆకుల పరీక్ష ఫలితం చూశాకే.