కుక్కపిల్లకు గూడు: ఎండను చూసి కట్టించండి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న పట్టణం. 50 రోజుల లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాము. ఇంట్లో కుక్క తిరగడం మా అమ్మగారికి ఇష్టం లేదు కనుక పెరట్లో పడమటి ప్రహరీ గోడ పక్కన గూడు చేయించాలనుకుంటున్నాము. వెల్డింగు పని చేసే ఆయన ఫోనులో ఒక బొమ్మ చూపించి, 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పుతో నాలుగు వైపులా రేకు కొట్టి, చిన్న తలుపు పెట్టి వారంలో ఇస్తానంటున్నారు. చేయించుకోవచ్చా? రాత్రిళ్లు పిల్లను అందులోనే కట్టేసి ఉంచవచ్చా?

జవాబు: ఆ రేకు పెట్టె చేయించకండి. మీకు చూపించిన బొమ్మ బహుశా చలి దేశాల గూడుది. అక్కడ కుక్క ఒంటి వేడి బయటికి పోకుండా నిలపడమే గూడు చేయవలసిన పని కాబట్టి గది ఇరుకుగా, గుమ్మం చిన్నదిగా ఉంటేనే మేలు. మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే మీ ప్రాంతంలో అవసరం సరిగ్గా దానికి తలకిందులు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున పట్టే కొద్దిపాటి చెమటను మినహాయిస్తే, నాలుక చాపి వగర్చడమొక్కటే అది ఒంటి వేడిని తగ్గించుకునే దారి. చుట్టూ గాలి ఆడకుండా, పైన రేకు కాలుతూ ఉంటే ఎంత వగర్చినా ఒళ్లు చల్లబడదు, గంట రెండు గంటల్లోనే వడదెబ్బతో ప్రాణం మీదికి రావచ్చు.

మీకు కావలసింది ఒక అరుగు, దాని మీద మంచి నీడ. తాపీ మేస్త్రీతో 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 9 అంగుళాల ఎత్తున ఇటుకల అరుగు కట్టించండి. ఇప్పుడు ఒళ్లో ఇమిడే పిల్ల ఏడాది తిరిగేసరికి 30 కిలోల బరువుతో, భుజం దగ్గర 22 అంగుళాలకు పైగా ఎత్తు పెరుగుతుంది కనుక కొలతలు పెద్ద కుక్కకు తగ్గట్టే తీసుకోవాలి. పడమటి గోడను పైకప్పు దాకా నిండుగా లేపండి. మధ్యాహ్నం తర్వాతి ఎండకూ, నైరుతి గాలితో కొట్టే వాన జల్లుకూ అదే అడ్డు. ఉత్తర, దక్షిణాల గోడలను అడుగున్నర ఎత్తున ఆపి, ఆపైన ఇనుప జాలీ బిగించి, తూర్పు వైపు తలుపు పెట్టించండి. ఇక గూడు ఈశాన్యంలో ఉండవచ్చా, వాయవ్యంలో ఉండాలా అన్న చర్చను ఇంటి పెద్దలకే వదిలేద్దాం. ఎండ ఎటు నుంచి కొడుతుందన్నదే మనం చూసుకోవాలి. పెరట్లో వేపచెట్టో మామిడిచెట్టో ఉంటే ప్రహరీ పక్కన కన్నా దాని నీడలో కట్టడం ఎంతో నయం. కొబ్బరిచెట్టు కింద మాత్రం కట్టవద్దు.

పైకప్పుకు పెంకులే మేలు. రేకులు తప్పనిసరి అయితే పైన తెల్ల సున్నం కొట్టించి, వేసవి నాలుగు నెలలూ వాటి మీద తాటాకులు పరిపించండి. చూరును ప్రతి వైపూ అడుగున్నర బయటికి దించితే జల్లు లోపలికి రాదు. నేలకు నున్నటి పాలిష్ బండ వేయించవద్దు. పెరిగే వయసులో కాళ్లు జారుతూ ఉంటే తుంటి కీళ్లకు చెరుపు, అందులోనూ లాబ్రడార్ జాతికి ఆ కీళ్ల జబ్బు ఎక్కువ. గరుకుగా ఉండే తాండూరు బండ పరిపించి, కడిగిన నీళ్లు నిలవకుండా గుమ్మం వైపు ఒక అంగుళం వాలు ఇప్పిస్తే సరిపోతుంది. గోడల గిలాబులో పగుళ్లు ఉండకూడదు. కారణం కింది ఉత్తరంలో చూస్తారు.

ఇక రాత్రి సంగతి. తల్లినీ తోబుట్టువులనూ విడిచి వచ్చిన 50 రోజుల పిల్లను చీకట్లో ఒంటరిగా కట్టేస్తే అది రాత్రంతా ఏడుస్తుంది, గొలుసు మెడకు చుట్టుకునే ప్రమాదమూ ఉంది. అంతకన్నా పెద్ద భయం పార్వో, అంటే వాంతులు, నెత్తుటి విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే జబ్బు. వీధి కుక్కలు తిరిగిన మట్టిలో ఆ వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకసారి మళ్లీ వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకు. ఆ వరుస పూర్తయ్యే వరకు పిల్ల వెనక వసారాలో పడుకోవడానికి మీ అమ్మగారిని ఒప్పించండి. వంటగది, దేవుడి గది వైపు రాకుండా చిన్న అడ్డుగేటు పెడతామని చెబితే బహుశా కాదనరు. సిమెంటు తడి ఆరి, సున్నం ఘాటు పోవడానికి గూటికి కూడా ఎలాగూ రెండు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత రోజూ అన్నం అక్కడే పెట్టి, తలుపు తీసే ఉంచి, మీరూ కాసేపు పక్కన కూర్చుంటే గూడు దానికి అలవాటవుతుంది. అల్లరి చేసిందని అందులో పెట్టి గడియ వేస్తే మాత్రం మళ్లీ ఆ ఛాయలకు రాదు.

పెద్దయ్యాక కూడా గొలుసుతో గడిపే వేళ తక్కువగా ఉండాలి. కుక్కను మరీ పొట్టి గొలుసుతో అతిగా చాలాసేపు కట్టి ఉంచడమూ, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడమూ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరాలు. పూజ కోసం పెంచే గన్నేరు చెట్టు పెరట్లో ఉంటే పిల్లకు అందకుండా కంచె కట్టండి. ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే.

ప్రశ్న: కోనసీమలో మా ఇంటి వెనక కుక్కకు తాటాకు గూడు ఉంది. ఎన్నిసార్లు మందు పెట్టినా గోమార్లు (పిడుదులు) మళ్లీ పడుతున్నాయి. ఇప్పుడు కొత్త పిల్లను కూడా తెచ్చాము. ఏం చేయాలి?

జవాబు: మీరు మందు పెడుతున్నది కుక్కకు మాత్రమే, గోమార్ల కాపురం మాత్రం గూట్లో ఉంది. కడుపు నిండా రక్తం తాగిన ఆడ గోమారి కుక్క ఒంటి నుంచి రాలి, గోడ పాకి, తాటాకు మడతల్లోనో ఇటుకల సందుల్లోనో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. పాత తాటాకు మొత్తం దింపి తగలబెట్టండి, సందులన్నీ సిమెంటుతో పూడ్పించండి. పశువైద్యుడు చెప్పిన మందును గూటికీ పెద్ద కుక్కకూ ఒకే రోజు వాడి, ఆ గుడ్లు పొదిగే సమయానికి, అంటే మూడు వారాల తర్వాత, మళ్లీ వాడండి. పెద్ద కుక్క మందు పిల్లకు పనికిరాదు, దాని వయసు, బరువు చెప్పి వేరే మందు రాయించుకోండి. పిచికారీ చేసిన గూడు పూర్తిగా ఆరేదాకా రెండింటినీ దాని దగ్గరకు రానివ్వకండి.