సన్మానం జరిగిన హాల్లో కింద పరిచింది ఏంటి?

"సాంస్కృతిక విధానం వల్ల సుస్థిర అభివృద్ధి నిజంగా జరుగుతుందా, చేతివృత్తులవాళ్లకు ఏమైనా ఒరుగుతుందా?" అని అడిగారు. మాది వరంగల్ కొత్తవాడ. మా బాపు నలభై ఏళ్లుగా జంపఖానాలు, అంటే నేల మీద పరిచే మందపాటి నేత పరుపులు, నేస్తున్నాడు. నేను మగ్గం ఎక్కలేదు, లోన్ల కాగితాలు చేసిపెట్టే పనిలో పడ్డాను. నా లెక్కలో సర్కారు ఏం కొంటుందో అదే దాని సాంస్కృతిక విధానం. మిగతాదంతా ఫ్లెక్సీ.

రెండేళ్ల కింద హనుమకొండలో ఒక హోటల్లో సృజనాత్మక పరిశ్రమల మీద మీటింగ్ పెట్టి, బాపును సన్మానానికి పిలిచారు. పదింటికి రమ్మన్నారు, మొదలయ్యేసరికి పన్నెండున్నర. ముఖ్య అతిథి కోసం షుగర్ ఉన్న ముసలోళ్లను తిండి లేకుండా కూర్చోబెట్టడం ఏం మర్యాదో నాకు అర్థం కాదు. సరే, తెర మీద ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల రంగుల గడులు వేశారు. వెతికి చూశాను, సంస్కృతికంటూ విడిగా ఒక గడి లేదు. 11వ లక్ష్యం కింద వారసత్వాన్ని కాపాడాలని ఒక ముక్క ఉంది, అంతే. 2021ని సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ సంవత్సరంగా ప్రకటించారట. ఆ ఏడాది కరోనా దెబ్బకు మా ఇంట్లో నేసిన సరుకు అటక దాకా పేరుకుని ఉంది.

తర్వాత మైకు అందుకున్న సారు, మన తివాచీలు 1851లోనే లండన్ ప్రదర్శనకు వెళ్లాయనీ, వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని ఇచ్చే ముద్ర, వచ్చిందనీ ఊగిపోతూ చెబుతున్నాడు. బాపు వినట్లేదు. చెప్పు విడిచి కాలి బొటనవేలితో కింద గీకుతున్నాడు. వేదిక నుంచి గుమ్మం దాకా ఎర్రటి కార్పెట్. నా వైపు వంగి, "పిలగా, ఇండ్ల పడుగు లేదు, పేక లేదు. ప్లాస్టిక్ పీచు అదిమి అంటవెట్టిన్రు" అన్నాడు. కాసేపటికి శాలువా కప్పారు. కిందికి దిగొచ్చి అంచు రెండు వేళ్లతో నలిపి చూసుకుని, "ఇదీ మిల్లుదే" అన్నాడు. కోపంగా కాదు, బజార్లో వంకాయ చూసి చెప్పినట్టు.

చట్టం లేదా అంటే ఉంది. కొన్ని రకాలు చేమగ్గం మీదే నేయాలని 1985లో కేంద్రం చట్టం చేసింది. మొదట 22 రకాలు, ఇప్పుడు 11. అందులో జంపఖానా ఉంది, శాలువా కూడా ఉంది. కానీ ఆ చట్టం ఎవరు నేయాలో చెబుతుంది, ఎవరు కొనాలో చెప్పదు. పైగా ఆ కార్పెట్ అసలు నేసిందే కాదు కాబట్టి అది ఏ లెక్కలోకీ రాదు.

సుస్థిరత అంటారా, మా అమ్మ పెళ్లినాటి జంపఖానా నూలుది. ముప్పై ఏళ్లు ఉతికి వాడాం, అంచులు పోయాక దాని మీద మిరపకాయలు ఎండబోస్తున్నాం. ఆ హోటల్ కార్పెట్ నాలుగు ఫంక్షన్లు అయ్యాక చెత్తబండి ఎక్కుతుంది. దీనికి నివేదిక ఎందుకు?

ఇంకో బాధ. చేతివృత్తులవాళ్ల కోసమని 2023లో కేంద్రం తెచ్చిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, చేనేత లేదు. చేపల వల అల్లేవాళ్లున్నారు, బొమ్మలు చేసేవాళ్లున్నారు. నేతన్నలకు వేరే పథకాలున్నాయి కదా అంటారు, ఉన్నాయి. కానీ రోజుకొకరు ఆధార్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికొస్తే, "కాకా, ఇది మనది కాదు" అని చెప్పి పంపేది నేను. తిట్లు పడేది కూడా నాకే.

ఒక్క పని చేయమనండి. సర్కారు హాస్టళ్లు, గెస్ట్‌హౌస్‌లు, ఇలాంటి మీటింగ్ హాళ్లు ఏటా ఇన్ని జంపఖానాలు కొంటాయని ముందే రాసిచ్చి, డబ్బులు నెలలోపు వేస్తే చాలు. మా వాడలో పిల్లలు మగ్గం ఎందుకు ఎక్కట్లేదని మళ్లీ సర్వే చేయనక్కర్లేదు. బాపుకిచ్చిన షీల్డు టీవీ పక్కన ఉంది. శాలువా మాత్రం రాత్రిపూట మగ్గం మీద దుమ్ము పడకుండా కప్పుతున్నాడు.