ఆర్డర్ ఆఫ్ ది యారోకు ఎన్నికైన మా తమ్ముడి కొడుక్కి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

అమెరికా స్కౌట్ల గౌరవ సంఘమైన ఆర్డర్ ఆఫ్ ది యారోకు నిన్ను ఎన్నుకున్నారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషం. అయితే స్కౌట్లలో ఫస్ట్ క్లాస్ ర్యాంకూ, పదిహేను రాత్రుల క్యాంపింగూ నీకు అర్హతను మాత్రమే ఇచ్చాయి. నీతో ఒకే గుడారంలో పడుకున్నవాళ్లు, నీ పక్కన కూర్చుని జిడ్డు గిన్నెలు తోమినవాళ్లు, ఆ సంఘంలో తాము సభ్యులు కాకపోయినా, చీటీ మీద నీ పేరు రాశారు. 1915లో ఫిలడెల్ఫియా స్కౌట్లకు డెలావేర్ నదిలోని ట్రెజర్ ఐలాండ్ అనే లంకలో వేసవి క్యాంపు నడిపిన అర్నర్ గుడ్‌మన్, క్యారల్ ఎడ్సన్ అనే ఇద్దరు యువకులు దీన్ని మొదలుపెట్టారు. తోటివారిలో ఎవరు గౌరవానికి తగినవారో పిల్లలే తేల్చాలన్నది వారి ఆలోచన.

ఇక ఆర్డీల్ సంగతి, అంటే సంఘంలో చేర్చుకునేటప్పుడు పెట్టే పరీక్ష. ఒక రాత్రి ఆరుబయట ఒంటరిగా పడుకోవాలి. మర్నాడంతా మాట్లాడకుండా, కొద్దిపాటి తిండితో, క్యాంపుకు పనికివచ్చే పని చేయాలి. పెద్దల కోటాలో నన్ను తీసుకున్న ఏడాది, చీకట్లో చూసుకోక పల్లపు నేల మీద టార్పాలిన్ పరిచాను. తెల్లవారేసరికి దుప్పటి మంచుకు తడిసి, పిండితే నీళ్లు కారేలా ఉంది. నీవు మెరకగా ఉన్నచోట పడుకో. పాత బూట్లు, చేతి తొడుగులు తీసుకెళ్లు. రోజూ వేసుకునే మందులుంటే, మాంసం తినకపోతే, ఆ విషయం అక్కడి పెద్దలకు ముందుగానే చెప్పు. తిండి తక్కువని మీ అమ్మ బెంగపడుతుంది. ఒక్క రోజేనని ఆమెకు నచ్చజెప్పే పని నాకు వదిలేయి. ఉపవాసాలు చేసే ఇంటి పిల్లవాడికి అది కొత్తేమీ కాదు. మౌనమే కష్టం. నా మటుకు నాకు ఆకలికంటే, పక్కవాడు గునపం తప్పుగా పట్టుకున్నా నోరు విప్పకుండా ఉండటమే కష్టమైంది. చివరికి నేనే పట్టుకుని చూపించాను.

ఎర్ర బాణం ఉన్న తెల్ల గుడ్డ పట్టీ (సాష్) చేతికి వచ్చాక దాన్ని కుడి భుజం మీదుగా వేసుకోవాలి, నడుముకు వేలాడదీయకూడదు. దాన్ని అందుకున్న రోజు తరువాత మళ్లీ కనబడని పిల్లలను చాలామందిని చూశాను, నాకది నచ్చదు. లాడ్జిలో, అంటే సంఘం స్థానిక శాఖలో, ఇరవై ఒక్క ఏళ్లలోపు వారికే ఓటూ, పదవులూ ఉంటాయి. మాబోటివాళ్లం సలహాదారులం మాత్రమే. కాబట్టి సమావేశాలకు వెళ్లు, ఏదో ఒక బాధ్యత అడిగి తీసుకో. కాని లాడ్జి పనుల మోజులో పడి సొంత స్కౌట్ దళమైన ట్రూప్‌ను వదిలేయకు. నీ పేరు రాసినవాళ్లు ఉన్నది అక్కడే. వచ్చే నెల మీ క్యాంపుకు కొత్త పిల్లలు వస్తున్నారట. గుడారం మేకులు ఏ వాలున కొట్టాలో వారికి తెలియదు. ఆ సాయంత్రం వారి దగ్గర ఉండు.

ఇట్లు,
పెదనాన్న