దొరికి, తప్పిపోయి, మళ్లీ దొరికిన దీవి

ప్రశ్న: దక్షిణ అట్లాంటిక్‌లోని బువే ద్వీపాన్ని ఒకసారి కనుగొన్నాక మళ్లీ చాలాకాలం ఎవరికీ దొరకలేదంటారు, నిజమేనా? మనుషులే లేని ఆ చోటు నార్వేకు ఎందుకు?

జవాబు: నిజమే. ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ (మన యానాంలో వర్తకం సాగించిన కంపెనీయే) నావికుడు బువే ద లోజియే 1739 జనవరి 1న ఈ దీవిని చూశాడు. మంచు, పొగమంచు అడ్డుపడి ఒడ్డుకు చేరలేక, అది దక్షిణ ఖండపు కొస అని భావించి వెనుదిరిగాడు. ఆ రోజుల్లో అక్షాంశం సూర్యుడి ఎత్తును బట్టి తెలిసేది గానీ, రేఖాంశం తెలియాలంటే బయలుదేరిన రేవు సమయాన్ని పొల్లుపోకుండా చూపే గడియారం కావాలి. అది అప్పటికి నావికుల చేతికి రాలేదు. ఓడ వేగాన్ని, దిక్కును బట్టి వేసుకున్న అంచనాయే ఆధారం. 54 డిగ్రీల దక్షిణ అక్షాంశం వద్ద రేఖాంశం ఒక్క డిగ్రీ తప్పినా సుమారు 65 కిలోమీటర్లు పక్కకు పోయినట్టే. అందుకే బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ అంతటివాడు వెతికినా కనిపించలేదు. బువే మంచుకొండను చూసి నేల అనుకున్నాడని ఆయన తీర్మానించాడు. ఈ విషయంలో కుక్‌ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. 1808లో బ్రిటిష్ నావికుడు జేమ్స్ లిండ్సేకు దీవి మళ్లీ కనబడింది; స్థానం కచ్చితంగా తేలింది మాత్రం 1898లో, జర్మనీ ఓడ వాల్డివియా యాత్రలో.

ఇక నార్వే ఆసక్తికి కారణం తిమింగలాల వేట. దక్షిణ సముద్రాల్లో వేటకు అనువైన దీవులు చాలావరకు బ్రిటన్ అదుపులో ఉండడం వల్ల, లైసెన్సుల కోసం దాని మీద ఆధారపడటం నార్వే వేటగాళ్లకు ఇబ్బందిగా ఉండేది. ఓడల యజమాని లార్స్ క్రిస్టెన్‌సెన్ ఖర్చుతో బయలుదేరిన నార్వేజియా ఓడ సిబ్బంది 1927 డిసెంబరు 1న దీవిపై తమ జెండా ఎగరేశారు. 1825లోనే బ్రిటన్ పేరిట హక్కు ప్రకటించి ఉన్నా, 1929లో ఆ దేశం దాన్ని వదులుకుంది. 1930 చట్టంతో ఇది నార్వే అధీన భూభాగమైంది. 1971 నుంచి ప్రకృతి రక్షిత ప్రాంతం.

అగ్నిపర్వతం వల్ల పుట్టిన ఈ దీవి వైశాల్యం సుమారు 49 చదరపు కిలోమీటర్లు. అందులో 93 శాతం హిమానీనదాల కిందే ఉంది. అంటార్కిటికా తీరం దాదాపు 1,700 కిలోమీటర్ల దూరం. చుట్టూ నిట్టనిలువు కొండచరియలే కాబట్టి కాలు మోపడమే కష్టం. 1955, 1958 మధ్య చరియలు విరిగిపడి పడమటి తీరాన న్యూరోయ్సా అనే చదునైన మెట్ట ఏర్పడింది. 1996లో అక్కడ నెలకొల్పిన పరిశోధనా స్థావరం పదేళ్లకే కొట్టుకుపోగా, 2014లో కొత్తది కట్టారు.