పండుగ దగ్గర పడుతుంటే భయం వేస్తోంది

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. పాపకు తొమ్మిదేళ్లు. ఆరేళ్ల వయసులో దత్తత తీసుకున్నాం. అంతకుముందు తను మూడు ఇళ్లు మారిందని, ఆకలీ దెబ్బలూ రెండూ చూసిందని చెప్పారు. బాబుకు ఆరేళ్లు, ఆటిజం ఉంది, మాటలు చాలా తక్కువ. మామూలు రోజుల్లో ఇల్లు ఎలాగో నడిచిపోతుంది కానీ పండుగ వస్తోందంటే నాకు గుండె దడ మొదలవుతుంది. కిందటిసారి పండుగ ముందు రోజు రాత్రి పాప తన కొత్త గౌనును కత్తెరతో ముక్కలు చేసింది. ఆ ముక్కలను మడతపెట్టి తలగడ కింద దాచుకుంది. మర్నాడు బంధువులందరూ ప్రార్థనకు కూర్చున్నప్పుడు బాబు చెవులు మూసుకొని, కాసేపటికి తన చెయ్యి తానే కొరుక్కున్నాడు. “దేవుడి ముందు పది నిమిషాలు కూర్చోబెట్టడం కూడా చేతకాకపోతే ఎలా?” అని మా అత్తగారు అందరి ముందూ అన్నారు. ఈసారి పండుగే వద్దని నేను, మానేస్తే పిల్లలకు మన మతం ఎలా తెలుస్తుందని మావారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: మీది ఏ మతమో మీరు రాయలేదు, రాయనవసరం కూడా లేదు. ఏ మతం పండుగైనా ఇంట్లో జరిగే మార్పు ఇంచుమించు ఒకటే. నిద్ర వేళ తప్పుతుంది, భోజనం వేళ తప్పుతుంది, కొత్త ముఖాలూ కొత్త వాసనలూ కొత్త చప్పుళ్లూ ఒక్కసారిగా వచ్చిపడతాయి, అన్నిటికీ మించి అమ్మానాన్నల ముఖాల్లో తొందర కనబడుతుంది. చాలామంది పిల్లలకు సరదా అంటే ఈ మార్పే. మీ పిల్లలిద్దరికీ కష్టం వస్తున్నదీ ఇక్కడే, అయితే ఇద్దరికీ వేర్వేరు కారణాల వల్ల వస్తోంది కనుక ఇద్దరినీ ఒకే మాటతో సముదాయించబోతే ఫలితం ఉండదు.

ముందు పాప సంగతి. గౌను కత్తిరించడం చూసినవారికి పొగరుగానో, చేసిన మేలు గుర్తించని తనంగానో తోస్తుంది. కానీ మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన విషయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను: ముక్కలను మడతపెట్టి తలగడ కింద దాచుకుంది. ఇష్టం లేని వస్తువును ఎవరూ అలా దాచుకోరు. మూడు ఇళ్లు పోగొట్టుకున్న పిల్లకు మంచి రోజు అంటే నమ్మకం కుదరదు, ఎందుకంటే తన అనుభవంలో మంచి రోజుల తరవాత ఏదో ఒకటి చేజారుతూనే వచ్చింది. ఎప్పుడు చేజారుతుందోనని కాచుకొని కూర్చోవడం కన్నా తన చేత్తో తానే ముగించేయడం ఆ పసిమనసుకు తేలిక. నేను చెబుతున్నది ఊహే కావచ్చు, కానీ ఇలాంటి బతుకు చూసి వచ్చిన పిల్లల్లో పండుగలకూ పుట్టినరోజులకూ ముందు రోజు ఇలాంటి పనులు కనిపించడం వారితో పనిచేసేవారికి బాగా తెలిసిన విషయం.

“ఎప్పుడో చిన్నప్పటి సంగతి, దానికేం గుర్తుంటుంది?” అనే బంధువులు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. 1998లో ఫెలిట్టి, ఆండా అనే వైద్యులు తమ సహచరులతో కలిసి అమెరికాలో ప్రచురించిన అధ్యయనం వేలాది మంది పెద్దవారిని ప్రశ్నించి, చిన్ననాటి హింస, నిరాదరణల ప్రభావం పెద్దయ్యాక వచ్చే జబ్బుల్లో కూడా కనిపిస్తుందని చూపింది. ఆ తరవాత 2013లో వెలువడిన మనోవైద్య వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం-5, ఆరేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లల్లో ఆఘాతానంతర ఒత్తిడిని (భయంకరమైన అనుభవం తరవాత మనసును వదలని బాధను) గుర్తించడానికి వేరే ప్రమాణాలనే ఏర్పరచింది. మాటల్లో చెప్పలేని వయసులో జరిగినవి కూడా వాసనగానో చప్పుడుగానో మనసులో ఉండిపోయి, సరిగ్గా అలాంటి వాసనే తగిలినప్పుడు పైకి లేస్తాయి. పండుగల నిండా ఉండేవి అవే కదా.

ఈసారి కొత్త బట్టలను పండుగ దాకా దాచిపెట్టకండి. రెండు వారాల ముందే తీసుకొచ్చి, ఇంట్లో ఒక మామూలు రోజున వేయించి, ఒకసారి ఉతికి, ఆమె మిగతా బట్టల దొంతరలోనే పెట్టండి. పండుగ నాటికి అవి కొత్తవి కాకుండా తనవి అయిపోతాయి. “ఇంకా నాలుగు రోజులే, ఇంకా రెండు రోజులే” అని ఉత్సాహపరచడం తగ్గించండి. బహుమతులు ఇచ్చే ఆనవాయితీ ఉంటే చిన్నవిగా, వేర్వేరు రోజుల్లో ఇవ్వండి. “బుద్ధిగా ఉంటేనే ఇస్తాను” అన్న మాట మాత్రం ఈ పిల్ల విషయంలో పూర్తిగా మానుకోండి, ప్రేమ ఎప్పుడైనా వెనక్కి పోతుందన్న ఆమె అనుమానానికి ఆ మాట సాక్ష్యమవుతుంది. ఆకలి చూసిన పిల్ల కాబట్టి, అతిథులు ఎంతమంది వచ్చినా తన పేరు రాసిన ఒక డబ్బా నిండా తినుబండారాలు అందేంత ఎత్తులో, తాళం లేకుండా ఉంచండి. పాత ఇళ్లలో పండుగ ఎలా జరిగేదని నిలదీసి అడగవద్దు. బట్టలు మడత పెడుతూ పక్కపక్కన కూర్చున్న వేళ మీ చిన్నప్పటి పండుగ గురించి మీరు రెండు మాటలు చెప్పి ఊరుకోండి. చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది.

ఇంత చేసినా మళ్లీ కత్తెర పట్టుకోవచ్చు. అప్పుడు కత్తెర మెల్లగా తీసుకొని, “గౌను పోయినా పండుగ పోదు, నువ్వు కూడా ఈ ఇంట్లోంచి ఎక్కడికీ పోవు” అనండి. ఆ రాత్రికి అంతకు మించి మాటలు వద్దు. ముక్కలు కుట్టే పనీ, మంచి చెడ్డల ముచ్చటా పండుగ దాటాక పెట్టుకోవచ్చు.

ఇక బాబు. 1943లో లియో కానర్ అనే పిల్లల మనోవైద్యుడు ఆటిజం గురించి తన తొలి వ్యాసం రాసినప్పుడే ఈ పిల్లలు పెద్ద చప్పుళ్లకు బెదిరిపోతారనీ, నిన్న ఉన్నట్టే ఇవాళా ఉండాలని గట్టిగా కోరుకుంటారనీ గమనించి చెప్పాడు. మీ బాబు చెవులు మూసుకోవడం మారాం కాదు. సాధారణ సంభాషణ దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. ఆ లెక్కలో మరో 10 పెరిగిందంటే ధ్వని తీవ్రత పది రెట్లయినట్టు. పదిహేను మంది ఒకే గదిలో గొంతు కలిపితే మనకు నిండుగా, హాయిగా ఉంటుంది, వాడికి మాత్రం గోడ విరిగి మీద పడినట్టు ఉంటుంది. చెయ్యి కొరుక్కోవడం కూడా చాలాసార్లు ఆ హోరు మధ్య తన అదుపులో ఉన్న ఒక్క స్పర్శను పట్టుకునే ప్రయత్నమే. మారాం చేసే పిల్లవాడు పెద్దవాళ్లు చూస్తున్నారా లేదా అని ఓరకంట గమనిస్తాడు, చూసేవాళ్లు లేకపోతే ఆపేస్తాడు. ఇది అలా ఆగదు, ఆ శరీరం అలసి చల్లబడేదాకా సాగుతుంది. కాబట్టి ఆ సమయంలో మందలింపు మరో చప్పుడుగా మాత్రమే చేరుతుంది.

జరగబోయేదాన్ని బొమ్మల్లో ముందుగా చూపించడం ఇలాంటి పిల్లలకు చాలా సాయం చేస్తుంది. 1990ల తొలినాళ్లలో క్యారల్ గ్రే అనే ఉపాధ్యాయురాలు ఇందుకోసం ‘సోషల్ స్టోరీస్’ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. మీరు పెద్దగా కష్టపడనక్కరలేదు. కిందటి ఏడాది ఫోన్‌లో తీసిన ఫోటోలు అయిదారు అచ్చు వేయించి, స్నానం, బట్టలు, ప్రార్థన, భోజనం, తన గది అన్న వరుసలో అట్టకు అతికించండి. రోజూ పడుకోబోయే ముందు ఒకసారి చూపండి. పండుగ రోజున ఒక్కో పని అయినప్పుడల్లా ఆ ఫోటోను వాడి చేతనే తీయించి, ‘అయిపోయింది’ అని రాసిన డబ్బాలో వేయించండి. చెవులకు పెట్టుకునే శబ్ద నిరోధకాలు కొంటే వాటిని కూడా వారం ముందు నుంచే, ఇష్టమైన ఆట ఆడేటప్పుడు అలవాటు చేయండి. పండుగ రోజున మొదటిసారి తగిలిస్తే తీసి విసిరేస్తాడు, ఆ తప్పు వాడిది కాదు.

ప్రార్థనలో పది నిమిషాలు కూర్చోబెట్టాలని చూడవద్దు. మూడు నిమిషాలు చాలు. అయితే ఆ మూడు నిమిషాలూ వాడి చేతికి ఒక పని ఉండాలి, ఒక వస్తువు అందించడమో, ఒక దీపం దగ్గర నిలబడడమో. వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడే లేపి తీసుకెళ్లిపోండి, ఏడుపు మొదలయ్యాక కాదు. అలా చేస్తే ప్రార్థన అంటే ప్రశాంతంగా ముగిసేది అన్న జ్ఞాపకం మిగులుతుంది, వచ్చే ఏడాది నాలుగు నిమిషాలు కూర్చుంటాడు. ఆరాధనా స్థలానికి వెళ్లదలిస్తే జనం లేని ముందు రోజు ఒకసారి తీసుకెళ్లి, తలుపు దగ్గర చోటు చూపించి రండి. నిద్ర విషయంలో మాత్రం బేరం పెట్టకండి. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర అవసరమని చెప్పింది, పండుగ రాత్రికి ఆ లెక్కలో మినహాయింపు ఏమీ లేదు. చెయ్యి కొరుక్కోవడం తరచుగా జరుగుతుంటే పండుగ దాకా ఆగకుండా పిల్లల వైద్యులకూ, ఆక్యుపేషనల్ థెరపిస్టుకూ (రోజువారీ పనులు, స్పర్శ, చప్పుళ్ల ఇబ్బందుల్లో సాయం చేసే నిపుణులకు) చూపించండి. పంటి నొప్పి, చెవి నొప్పి లాంటివి చెప్పుకోలేక కూడా పిల్లలు అలా చేస్తారు.

మానేయాలా వద్దా అన్న వాదనలో నేను మీవైపు పూర్తిగా లేను, మీవారి వైపూ లేను. పండుగ మానేస్తే, తమ వల్లే ఇంట్లో పండుగ పోయిందన్న సంగతి పాప కనిపెట్టేస్తుంది. అలాగని ముప్పై మంది మధ్య ఏడ్చిన పిల్లవాడికి మతం గురించి తెలిసేది భయమే. అసలు పండుగను మీ నలుగురి మధ్య, ఉదయం పూట, అరగంటలో ముగించండి. బంధువులను మరో రోజు, లేదా సాయంత్రం ఒక గంట పిలవండి. ఇద్దరు పిల్లలకు ఇద్దరు పెద్దవాళ్లు పూర్తిగా కేటాయించుకోవాలి కాబట్టి వంటగదిలో ఎవరూ ఉండరు, వంటలు సగానికి తగ్గించుకోక తప్పదు. ఈ ఒక్క సలహాకే ఎక్కువ ఇళ్లలో అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు.

మీ అత్తగారితో మాట్లాడవలసింది మీరు కాదు, మీవారు. పండుగకు వారం ముందు, ఎవరూ లేనప్పుడు, “అమ్మా, వాడు చెవులు మూసుకుంటే అది నీ మీదా దేవుడి మీదా కోపం కాదు, వాడికి నొప్పిగా ఉందని అర్థం. అప్పుడు నువ్వు నలుగురి ముందు ఏమీ అనకుండా వాడి గది తలుపు తీసి పెడితే చాలు” అని చెబితే ఆమెకూ చేయడానికి ఒక పని దొరుకుతుంది. చేతిలో పని లేనప్పుడే పెద్దవాళ్ల నోట మాటలు ఎక్కువ వస్తాయి. వచ్చినవారెవరూ పిల్లలిద్దరినీ అడగకుండా ముద్దు చేయకూడదన్న మాట కూడా ఆయన నోటి నుంచే వెళ్లాలి.

ప్రశ్న: మా పన్నెండేళ్ల అబ్బాయికి ఫిట్స్ ఉన్నాయి, చదువులోనూ వెనకబడి ఉంటాడు. ఈ పండుగకు అందరితో పాటు ఉపవాసం ఉంటానని పట్టుపడుతున్నాడు. వద్దంటే చిన్నబుచ్చుకుంటున్నాడు.
– ఒక తండ్రి

జవాబు: మందు వేళ తప్పడం, నిద్ర చాలకపోవడం, ఈ రెండూ ఫిట్స్‌ను తెచ్చిపెట్టగలవు కనుక డాక్టరును అడగకుండా ఉపవాసం వద్దు. ఈ విషయంలో మతాలేవీ మీకు అడ్డు రావు. రోగులు ఉపవాసాన్ని వేరే రోజులకు వాయిదా వేసుకోవచ్చని ఖురాన్ రెండో అధ్యాయంలోనే ఉంది. కాథలిక్ చర్చి నియమావళి ఉపవాస విధిని 18 ఏళ్లు నిండిన తరవాతే వర్తింపజేస్తుంది. ప్రాణాపాయం ఉంటే ఉపవాసం విరమించాల్సిందేనని యూదు ధర్మం అంటుంది. పిల్లలకూ రోగులకూ ఉపవాసాన్ని సడలించడం హిందూ సంప్రదాయంలోనూ ఉన్నదే. మీ మతంలోని పెద్ద ఒకరి చేత ఈ మాట నేరుగా అబ్బాయితోనే చెప్పించండి, తండ్రి వద్దన్నదానికీ గురువు మినహాయించినదానికీ పిల్లవాడి మనసులో చాలా తేడా ఉంటుంది. తిండికి బదులు టీవీనో, ఇష్టమైన ఆటనో ఒక పూట వదులుకోమనండి. ఇంకొక సంగతి, అలంకరణ కోసం పెట్టే దీపాలు టపటపా వెలిగి ఆరేవైతే వాటిని నిలకడగా వెలిగేలా మార్చండి. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే వెలుతురు కొందరిలో ఫిట్స్‌కు కారణమవుతుంది. మీ అబ్బాయి ఆ కొందరిలో ఉన్నాడో లేదో డాక్టరును అడిగి తెలుసుకోండి.